ఏ బట్టలు మిగిలాయి, ఎందుకు మిగిలాయి

ఏలూరు పవర్‌పేటలో గానీ, తాడేపల్లిగూడెంలో గానీ పాత ఇల్లు అపార్ట్‌మెంటుకి ఇచ్చేటప్పుడు అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. ఇత్తడి బిందెలు తూకానికి పోతాయి. దస్తావేజులు పెద్దకొడుకు దగ్గరికి, నగలు ఆడపిల్లల దగ్గరికి చేరతాయి. చివరికి ట్రంకుపెట్టెడు పాత బట్టలు మిగులుతాయి. కట్టుకోవడానికి పనికిరావు, పారేయడానికి మనసొప్పదు. నాలుగు రోజులు వరండాలో ఉండి, ఆఖరికి స్టీలు సామాన్లవాడి గంపలోకి పోతాయి. బదులుగా ఒక టిఫిను డబ్బా వస్తుంది.

పోనివ్వడం తప్పని నేననను. అన్నీ దాచుకుంటే ఇంట్లో మనుషులకి చోటుండదు. కానీ గంపలో వేసే ముందు ఒక పూట ఆ పెట్టె ముందు కూర్చుంటే ఇంటి సంగతులు చాలా తెలుస్తాయి. ఎలా చూడాలో తెలిసుండాలి, అంతే. ఎందుకంటే బట్టల పెట్టె నిజం చెప్పినంత తేలిగ్గా అబద్ధమూ చెబుతుంది. రోజూ కట్టినవి చిరిగి, పసిపిల్లల పక్కగుడ్డలై, మసిగుడ్డలై మాయమైపోయాయి. ఏడాదికోసారి కట్టినవి, అసలు కట్టనివి మడత నలగకుండా మిగిలాయి. మిగిలినవాటిని చూసి ‘మా తాతమ్మ ఎప్పుడూ పట్టుచీరలే కట్టేది’ అనుకుంటే తాతమ్మ బతుకులో మూడొందల అరవై రోజులు లెక్కలోంచి పోయినట్టే. వాళ్ళు నలుగురిలో ఎలా కనిపించాలనుకున్నారో బట్ట ఖరీదు చెబుతుంది. ఎలా బతికారో తెలియాలంటే ఆ బట్ట మీద జరిగిన కోతలు, కుట్లు, అతుకులు, మరకలు, గుర్తులు వెతకాలి.

ఖరీదైన బట్టల సంగతి ముందు చూద్దాం. తెలుగునాట దానికి పెద్ద ఉదాహరణ హైదరాబాదులో నిజాముల భవనం పురానీ హవేలీలో ఉంది. ఏలూరుకీ నిజాములకీ పాత చుట్టరికమే. ఉత్తర సర్కారుల్లో ఏలూరు సర్కారు ఒకటి. 1766 ఒప్పందంతో నిజాం అలీ ఖాన్ ఈ ప్రాంతాన్ని కుంఫిణీకి వదిలేశాడు. ఆ వంశంలోనే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1869లో, రెండేళ్ళు దాటిన పసివాడిగా, గద్దెనెక్కి 1911లో చనిపోయేదాకా ఏలాడు. పురానీ హవేలీలో ఒక భాగం పొడవునా ఆయన బట్టల కోసం కట్టిన టేకు బీరువాలున్నాయి. అవి రెండంతస్తులు. బట్టలు పైకీ కిందికీ చేరవేయడానికి చేత్తో తిప్పే లిఫ్టు ఉంది. ఒకసారి తొడిగిన బట్ట ఆయన మళ్ళీ తొడిగేవాడు కాదని హైదరాబాదులో చెప్పుకుంటారు.

చూడ్డానికి వెళ్ళినవాళ్ళు నోరు తెరుచుకుని చూసి వస్తారు. కానీ మనిషి గురించి అది చెప్పేది చాలా తక్కువని నా ఉద్దేశం. ఆ మాటే నిజమనుకుందాం. ఒక్కపూట తొడిగి విప్పేసిన అంగరఖాలో తొడిగినవాడి జాడ ఏముంటుంది? మోచేతి దగ్గర అరుగుదల ఉండదు, మెడపట్టీకి చెమట పట్టి ఉండదు, ఒళ్ళు వచ్చిందనో తగ్గిందనో కుట్లు విప్పి వేసిన గుర్తుండదు. ఖజానా ఎంతటిదో, నౌకర్లెందరో, ఆ ఇంట్లో బట్టని బరువు బాధ్యతలున్న ఒక శాఖలాగే నడిపారన్న సంగతీ తెలుస్తాయి. మహబూబ్ అలీ ఖాన్ అనే మనిషి మాత్రం ఆ బీరువాల్లో దొరకడు.

ఆయన సంగతి ఒక చెప్పు కొంచెం చెబుతుంది. అలెగ్జాండర్ జాకబ్ అనే వ్యాపారి ఆయనకి ఒక పెద్ద వజ్రాన్ని అమ్మబోతే బేరం బెడిసి 1891లో కలకత్తాలో కోర్టుకెక్కింది. నిజాం అంతటివాడికి అది తలవంపుల వ్యవహారం. వజ్రం చివరికి ఆయన దగ్గరే మిగిలింది. ఆయన పోయాక, కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌కి తండ్రి చెప్పు ముందుభాగంలో దూర్చిన ఆ వజ్రం దొరికిందనీ, ఆయన దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడనీ కథ. ఇప్పుడది భారత ప్రభుత్వం దగ్గరున్న నిజాం నగల్లో ఒకటి. కథలో కొంత ఉప్పూకారం కలిసి ఉండొచ్చు. అయినా అన్ని బీరువాల కంటే ఆ ఒక్క చెప్పులో మనిషి ఎక్కువ కనిపిస్తాడు. ఇక ఆ కొడుకు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుపడ్డవాడు, పాత షేర్వానీ, మాసిన టోపీతోనే తిరుగుతాడని పేరు మోశాడు. ఒకే ఇల్లు, ఒకే ఖజానా, తండ్రీకొడుకుల బట్టలు పూర్తిగా వేరు. బట్టకీ డబ్బుకీ ముడిపెట్టి తీర్పు చెప్పేవాళ్ళు ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

ఇంగ్లండులో దీనికి భిన్నమైన సేకరణ ఒకటుంది. మెసెల్ అనే కుటుంబానిది. జర్మనీ నుంచి వచ్చి లండనులో స్థిరపడిన యూదు వ్యాపారుల వంశం అది. ‘పంచ్’ పత్రిక వ్యంగ్య చిత్రకారుడు లిన్లీ సాంబోర్న్ కూతురు మాడ్ ఆ ఇంటి కోడలు. ఆమె కూతురు ఆన్, రాస్ ప్రభుపత్ని అయ్యాక, అమ్మమ్మ బట్టల దగ్గర్నుంచి తన బట్టల దాకా కాపాడింది. 2005లో బ్రైటన్ మ్యూజియంలో వాటిని ప్రదర్శనకి పెట్టారు, పుస్తకమూ వేశారు. ఆన్ చేసిన పనుల్లో నాకు నచ్చింది, కొన్ని గౌన్లకి చిన్న చీటీలు తగిలించి ఎప్పుడు, ఎక్కడ వేసుకుందో రాసిపెట్టడం. పైగా ఆ ఇంట్లో అమ్మమ్మ మారియన్ ఏళ్ళ తరబడి రాసిన డైరీలున్నాయి. గౌను ఒక చేతిలో, డైరీ ఒక చేతిలో పెట్టుకుంటే నలుగురిలో వెలిగిన బట్ట వెనక ఇంటి ఖర్చుల బెంగ కూడా కనిపిస్తుంది. చీటీ లేని బట్ట అందంగా ఉంటుంది, అంతకు మించి మాట్లాడదు.

మన ఇళ్ళలో అలాంటి చీటీలు లేవని నిరుత్సాహపడక్కర్లేదు. చీటీకి బదులు పనికొచ్చేవి మన బట్టల మీద చాలానే ఉన్నాయి.

ఒక పాత తొమ్మిది గజాల పట్టుచీరని మంచం మీద పరిచామనుకోండి. మొదట మూలలు చూడాలి. కొత్త బట్ట కట్టుకునే ముందు మూలకి పసుపు పెట్టడం మనవాళ్ళకి అలవాటు. ఆ పసుపు చుక్క వెలిసినా జాడ ఉంటుంది. ఉంటే ఆ చీరని ఒకసారైనా కట్టారు. ఎక్కడా లేకపోతే, మడత కూడా కొట్లో వేసిన మడతే అయితే, అది పెట్టెలోనే పుట్టి పెట్టెలోనే ముసలిదైన చీర. ఎందుకు కట్టలేదన్నది అప్పుడు అడగాల్సిన ప్రశ్న. రంగు నచ్చలేదా, ఇచ్చినవాళ్ళతో మాటల్లేవా, కట్టుకునే భాగ్యం పోయిందా.

తర్వాత కొంగు. ఇంటి పెత్తనం చేసే ఆడమనిషి బీరువా తాళాలు, వడ్లగది తాళాలు కొంగుకే ముడివేసుకునేది. ఏళ్ళ తరబడి ముడి పడినచోట నేత వడిబడి సాగుతుంది, ఇనుప తాళాల తుప్పు మరక గోధుమ రంగులో దిగుతుంది. అత్తగారి నేతచీరల్లో ఆ మూల అలా ఉండి, కోడలి చీరల్లో ఎక్కడా లేకపోతే ఆ ఇంట్లో తాళాలు ఎన్నాళ్ళు ఎవరి చేతిలో ఉన్నాయో ఇంకొకరు చెప్పనక్కర్లేదు. ఇలాంటి సంగతి ఏ దస్తావేజులోనూ రాయరు.

ఆ తర్వాత చీర రెండో చివర. చెంగు కొసన ఉండాల్సిన నేత ముగింపు లేకుండా, తెగ్గోసి చేత్తో మడిచి కుట్టి ఉంటే, తొమ్మిది గజాలని ఎవరో ఆరు చేశారని అర్థం. కచ్చా పోసి కట్టిన తరం నుంచి కుచ్చిళ్ళు దోపుకునే తరానికి చీర చేతులు మారింది. మిగిలిన మూడు గజాలు ఎటుపోయాయని వెతికితే అదే పెట్టెలో ఒక చిన్న పరికిణీగానో, జాకెట్టుగానో దొరుకుతుంది. అమ్మమ్మ, అమ్మ, చంటిపిల్ల ముగ్గురూ ఒకే చీరలో ఉన్నారన్నమాట. పట్టు చిరిగినచోట రఫ్ఫు పనివాడు పోగుతో పోగు కలిపి నేసినట్టు చేశాడా, ఇంట్లోనే ఎవరో తెల్లదారంతో గబగబా టాకాలు వేశారా అన్నది కూడా చూడాలి. మొదటిది నలుగురిలోకి కట్టుకెళ్ళాలనుకున్న చీర. రెండోది మడికో, పూజకో పరిమితమైపోయిన చీర.

ఇక నేతచీరలు, పంచెలు, దుప్పట్లు తిరగేస్తే అంచు లోపలివైపు గోరంత నల్ల గుర్తు కనిపిస్తుంది. రెండు చుక్కలు, ఒక గీత, చిన్న ఇంటూ, ఇలా ఉంటుంది. అది చాకలి గుర్తు. నల్లజీడి గింజని సూదితో గుచ్చి దాని రసంతో పెడతారు, సున్నం తగిలితే అది నల్లగా నిలిచిపోతుంది. చాకిరేవులో చౌడుతో ఉడకబెట్టినా, బండ మీద బాదినా పోదు. ఊళ్ళో ఇంటికొక గుర్తు. వందిళ్ళ బట్టలు ఒకే రేవులో కలిసినా, ఏది ఎవరిదో అక్షరం ముక్క రాకపోయినా ఆ గుర్తు చూసి పంచేవారు. రజక కుటుంబాల్లో తండ్రి నుంచి కొడుకుకి, అత్త నుంచి కోడలికి అందిన లెక్క అది.

పెట్టెలో ఉన్న బట్టలన్నిటికీ ఒకే గుర్తు ఉంటే అవి ఆ ఇంటివే. ఒక చీరకి వేరే గుర్తు ఉంటే అది పెళ్ళై వచ్చిన పిల్ల పుట్టింటి ఊరిదో, చనిపోయిన అక్కదో, ఇల్లు మారక ముందుదో. ఒకే దుప్పటికి రెండు గుర్తులుంటే ఆ కుటుంబం ఊరు మారింది, లేదా అన్నదమ్ములు వేరుపడ్డారు. పెట్టెలో పట్టుచీరకి ఈ గుర్తు సాధారణంగా ఉండదు. పట్టు రేవుకి వెళ్ళేది కాదు. గుర్తు ఉన్న బట్టే రోజువారీ బతుకులోది. పెట్టెలో జరీ ఉన్న వాటికంటే ఆ మాసిన నేతచీరని ముందు పక్కకి తీసి భద్రం చేయమనేది అందుకే.

కుట్టిన బట్ట చీర కంటే ఒంటి సంగతి ఎక్కువ చెబుతుంది. పాత రవికని తిరగేస్తే పక్క కుట్ల దగ్గర మార్జిను ఉంటుంది. దానిలో వరసగా సూది రంధ్రాలు కనిపిస్తాయి. ఒక వరస విప్పి ఇంకో వరస వేసిన చోటల్లా ఆమెకి ఒళ్ళొచ్చింది, లేదా కాన్పయింది, లేదా రవిక చెల్లెలికి చేరింది. చేతికుట్టు పోయి మిషను కుట్టు వచ్చిందంటే దర్జీ వచ్చాడు, లేదా ఇంట్లోకే సింగరు మిషను వచ్చింది. బుట్టచేతుల జాకెట్టు దొరికితే ఆ ఇంటి ఆడపిల్ల సినిమా చూసిందని కూడా అనుకోవచ్చు. మగవాళ్ళ బట్టల్లో కోటు చూడదగ్గది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు ముఖ్యపట్టణమయ్యాక వకీళ్ళు, గుమాస్తాలు, ఇనస్పెక్టర్లు ఊరికొచ్చారు. పైన నల్ల ఆల్పాకా కోటు, కింద గ్లాస్కో పంచె, మెడలో కండువా. కుడిచేతి అంచు, మోచేయి అరిగి, జేబు దగ్గర సిరా మరక ఉంటే అది బల్ల ముందు కూర్చుని రాసిన చెయ్యి. వీపు భాగం ఎండకి వెలిసి ఉంటే ఆ ఉద్యోగం ఎండన పడి తిరిగేదే.

ఈ సరుకులో అన్నిటికంటే చవకైనవి, అన్నిటికంటే పదిలంగా ఉండేవి మధుపర్కాలు. ఎర్రంచు తెల్ల నూలుబట్టలు, పెళ్ళిపీటల మీద కట్టుకున్నవి. ఖరీదు చూస్తే ఏమీ లేదు. అయినా జరీ చీరలమ్ముకున్న ఇళ్ళలో కూడా మధుపర్కాలు అమ్ముకోలేదు. వాటి మీద పెళ్ళినాటి పసుపు మరక అలాగే ఉంచేస్తారు. ఉతకరు.

దీనికి పూర్తిగా ఎదురు, పెట్టుబడి చీరలు. పెళ్ళిళ్ళకి, గృహప్రవేశాలకి, పుష్కరాలకి వచ్చినవాళ్ళకి పెట్టడానికి కొన్నవి. వచ్చినామె కట్టుకోదు, ఇంకో పేరంటంలో ఇంకొకరికి పెడుతుంది. అలా ఒక చీర గుడివాడలో బయల్దేరి భీమవరం, తణుకు తిరిగి మళ్ళీ మొదటింటికే వచ్చిన హాస్యం మనకి తెలియంది కాదు. పెట్టెలో ఇవి గుట్టలుగా ఉంటే ఆ ఇంటామె అభిరుచి అనుకుని మోసపోకూడదు. ఎంతమందితో ఇచ్చిపుచ్చుకోవడం ఉందన్నదానికి అది కొలత. కొందరు జాగ్రత్తపరులు మడతలో చిన్న చీటీ పెట్టేవారు: ఫలానా వదినగారు, ఫలానా ఉపనయనం. ఎందుకంటే ఇచ్చినామెకే తిరిగి ఆ చీర పెడితే పరువు పోతుంది! మెసెల్ వాళ్ళ ఆన్ జ్ఞాపకం కోసం రాసింది, మనవాళ్ళు భయంతో రాశారు. చదివేవాడికి రెండూ ఒకటే. పాత చదివింపుల పుస్తకం కూడా దొరికితే ఎవరి చీర ఏ పెళ్ళిదో ఇంకాస్త తేలుతుంది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దగ్గర్నుంచి బెజవాడ కనకదుర్గమ్మ దాకా అమ్మవార్లకి చీరలు మొక్కుకునే దేశం మనది. గుళ్ళలో అలాంటి చీరలు వేలంలోనో, అమ్మకంలోనో భక్తులకి చేరతాయి. ఇంటివాళ్ళ రుచికి ఏమాత్రం పొత్తు కుదరని చీర పెట్టెలో ఉంటే ఆ దారిని వచ్చిందేమో అడగాలి.

ఉన్నవాటి తర్వాత లేనివి. పెట్టెలోని బట్టల్ని కాలం ప్రకారం వరసగా పెడితే మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశం జరిగాక గోదావరి, కృష్ణా జిల్లాల్లో విదేశీ బట్టలు మంటల్లో వేసిన ఇళ్ళున్నాయి. అలాంటి ఇంటి పెట్టెలో అంతకు ముందటి మిల్లు మల్లు కనపడదు, ముతక ఖద్దరు మొదలవుతుంది. యుద్ధకాలంలో 1943 నుంచి బట్టల కంట్రోలు. అప్పటి మిల్లు బట్ట మీద ధర ముద్ర వేసేవారు. ఆ ముద్ర కొసన చిన్న ముక్క మిగిలినా కాలం తేలిపోతుంది. ఆ ఏళ్ళలో పెళ్ళయినవాళ్ళ బట్టలు పెట్టెలో పలచగా ఉండటం పేదరికానికి గుర్తు కాకపోవచ్చు. డబ్బున్నా సరుకు లేదు.

ఇంకో ఖాళీ బరువైంది. ఒకామె చీరలన్నీ వరసగా ఉండి ఒక ఏడుతో రంగులు ఆగిపోతాయి. అక్కణ్ణించి తెల్లచీరలే, లేదా అసలేమీ లేవు. భర్త పోయాక రంగు చీరలు పంచేశారు. 1881 డిసెంబరులో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించాక కూడా గోదావరికి ఇటుపక్క ఎన్నో ఇళ్ళలో ఇలాంటి ఆగిపోయిన పెట్టెలు తయారవుతూనే ఉన్నాయి. జరీ చీరల ఖాళీకి కారణం వేరు. పాత జరీలో వెండి ఉండేది, మీద బంగారు పూత. పంట పోయిన ఏడు, ఆడపిల్ల పెళ్ళి కుదిరిన ఏడు జరీ కొనేవాడు వీధిలోకొస్తే అంచు, కొంగు కోసి ఇచ్చేవారు. వాడు దాన్ని కాల్చి వెండి తీసుకునేవాడు. అంచుల్లేని పట్టు నడుమ్ముక్క ఎక్కడైనా దొరికితే అది ఆ ఇల్లు అప్పుల్లో పడిన ఏటిది కావచ్చు.

కొల్లేటి లంకల్లో ఈ లెక్కలేవీ చెల్లవు. బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చి కొల్లేట్లో పడతాయి, ఉప్పుటేరు ఆ నీళ్ళన్నిటినీ సముద్రానికి ఒక్కసారిగా మోయలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేటి ఊళ్ళని ముంచినప్పుడు చూశాం కదా, ఇంట్లోకి నీళ్ళొస్తే ముందు పిల్లల్నీ, బియ్యాన్నీ ఎత్తుకుంటారు గానీ ట్రంకుపెట్టెని కాదు. నీళ్ళలో నిలబడి వల వేసే మనిషి ఒంటి మీది గోచీ మనవడికి మిగలదు. పాత బట్టల్ని బొంతలుగా కుడతారు. ఆ బొంత పొరలు విప్పితే మూడు నాలుగు రకాల చీరలు లోపల దొరుకుతాయి. ఆ ఇళ్ళ వస్త్ర సేకరణ అదే. నరసాపురం అల్లికలదీ అదే సంగతి. ఇళ్ళలో కూర్చుని విదేశాలకి లేసులల్లిన ఆడవాళ్ళ మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాసింది. ఆ లేసులు పరాయి దేశం బల్లల మీద పరుచుకున్నాయి. అల్లినామె పెట్టెలో నమూనా ముక్కయినా ఉంటే గొప్పే.

మన నేలలో పుట్టిన బట్ట పరాయి కుటుంబాల పెట్టెల్లో పదిలంగా ఉన్న కథ ఇంకా పాతది. డచ్చివాళ్ళు 17వ శతాబ్దం తొలి పాదంలోనే మచిలీపట్నంలో, పాలకొల్లులో వర్తకపు స్థావరాలు పెట్టుకున్నారు. పాలకొల్లులో వాళ్ళ సమాధులు కూడా ఉన్నాయి. 1824 ఒప్పందంతో ఇక్కడి స్థావరాలు ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చాయి, అంతకు ముందు కోరమండల్ తీరపు అద్దకపు బట్ట ఓడల మీద వెళ్ళింది. ఆ బట్టలు తొడిగినవాళ్ళలో నెదర్లాండ్స్ ఉత్తరాన ఫ్రీస్లాండ్‌లోని హిండెలోపెన్ అనే చిన్న రేవు ఊరివాళ్ళున్నారు. అది ఓడ కెప్టెన్ల ఊరు. అక్కడి ఆడవాళ్ళు ‘వెంట్కె’ అనే పాదాల దాకా వచ్చే పొడుగు కోటుని ఈ పూలబట్టతోనే కుట్టించుకునేవారు.

ఒక వెంట్కెని దగ్గరగా చూస్తే రెండు కుటుంబాల సంగతి తెలుస్తుంది. రంగు తొడిగినామెది. ఎరుపు మామూలు రోజుల్లోనూ, పండగలకీ. ఇంట్లో ఎవరైనా పోతే నీలం తెలుపు. కెప్టెన్ల ఊళ్ళో సముద్రానికి వెళ్ళినవాడు తిరిగి రాకపోవడం అరుదు కాదు కాబట్టి, ఏ ఇంట్లో అయినా నీలం కోటు సిద్ధంగా ఉండాల్సిందే. ఎరుపు వాడకుండా భద్రంగా ఉండి నీలం అంచులు అరిగి ఉంటే ఆమె ఎన్నేళ్ళు దుఃఖంలో గడిపిందో బట్టే చెబుతుంది. చేసినవాళ్ళ సంగతి ఆ రంగు లోపల ఉంది. ఆ ఎరుపు చిరివేరుది. బట్టని కరక్కాయ, గేదెపాలలో ముంచి, పటికతో బొమ్మ గీసి, ఆ వేరుతో ఉడికిస్తే పటిక తగిలినచోటే ఎరుపు పడుతుంది. ఉతికినకొద్దీ తేటపడుతుంది గానీ పోదు. యూరపు అప్పటికి చేయలేకపోయిన పని అది. నలుపు గీతలకి పాత ఇనుము, బెల్లం నీళ్ళలో పులియబెట్టిన కసీం. దాంతో ఒక చిక్కుంది. ఇనుము నూలుని మెల్లగా తినేస్తుంది. మూడొందల ఏళ్ళ బట్టల్లో పువ్వు ఎర్రగా నిలిచి, పువ్వు చుట్టూ గీత మాత్రం సన్నగా రాలి చిల్లుపడటం అందుకే. నకిలీని పట్టుకోవడానికి కూడా ఆ చిల్లు పనికొస్తుంది.

ఇంత బట్ట అక్కడి ఇళ్ళలోనే ఎందుకు మిగిలింది? ఫ్రాన్సు 1686లో ఈ అద్దకపు బట్టని నిషేధించింది, 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు తన నేతగాళ్ళ గోలకి తలొగ్గి 1721లో గట్టి చట్టం చేసింది. నెదర్లాండ్స్‌లో ఆ నిషేధం రాలేదు. దాచుకునే పని లేదు కాబట్టి దర్జాగా తొడిగారు, మనవరాళ్ళకిచ్చారు, చివరికి లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియం లాంటిచోట్లకి చేరాయి. 2017లో ఆ మ్యూజియం వీటితో పెద్ద ప్రదర్శనే పెట్టింది. ఒక కుటుంబం బట్టలు మిగలడానికి ఆ కుటుంబం జాగ్రత్త ఒక్కటే చాలదు, ఆ దేశపు చట్టమూ కలిసిరావాలి. ఆ బట్టల్లో ప్రతిదీ పాలకొల్లుదో, బందరుదో అని చెప్పడానికి లేదు. తీరం పొడవునా ఈ పని సాగింది. కొల్లేటికి దక్షిణాన పెడనలో టేకు అచ్చులతో ఇప్పటికీ సాగుతున్నది దాని వారసత్వమే.

ఇక పెట్టె తెరవబోయేవాళ్ళకి నాలుగు పని మాటలు. ఉతకొద్దు. మాసిందని మరక వదిలించారంటే సాక్ష్యం పోయినట్టే. పాలిథిన్ కవరు వద్దు, మన గాలిలో తేమకి బట్ట లోపలే చెమ్మగిల్లుతుంది. ఉతికి మెత్తబడ్డ పాత పంచెలో చుట్టి, ఏడాదికోసారి నీడలో గాలికి ఆరేసి, మడతచోటు మార్చి మళ్ళీ మడవాలి. పట్టు ఒకే మడత మీద ఏళ్ళు ఉంటే అక్కడే చీలుతుంది. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు. వసకొమ్ము, ఎండు వేపాకు బట్ట మూటకట్టి పెడితే మన ఊళ్ళలో చాలాకాలం చాలింది. పిన్ను గుచ్చొద్దు, తుప్పు పడుతుంది. చీటీని దారంతో కుట్టండి, పెన్సిలుతో రాయండి. ఎవరిది, ఎవరిచ్చారు, ఎప్పుడు కట్టారు, ఎవరు చెప్పారు. తెలియని గడి ఖాళీగా ఉంచండి, ఊహించి నింపొద్దు.

చాకలి గుర్తున్న మూలలు ఫోటో తీసుకోండి. వీధిలో ఇప్పుడు ఇస్త్రీ బండి నడుపుతున్న పెద్దాయనకో, వాళ్ళమ్మగారికో ఆ గుర్తులు తెలిసే అవకాశం ఉంది. వాషింగ్ మిషన్లు వచ్చి కొత్త బట్టకి నల్లజీడి పెట్టడం ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి, తెలిసినవాళ్ళు డెబ్భై దాటినవాళ్ళే అయి ఉంటారు. వాళ్ళకి గుర్తు చూపించి ఇది ఏ ఇంటిదని అడగండి. మీ ఇంటి పేరు వాళ్ళ నోట వస్తే సరే. వేరే ఇంటి పేరు వస్తే ఆ చీర మీ పెట్టెలోకి ఎలా వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్ళని అడగాల్సి ఉంటుంది. వాళ్ళు కాసేపు మొహాలు చూసుకుంటారు. చెప్పించండి.